తల్లీబిడ్డల ఆట వీడియోల కోడింగ్‌లో కప్పా (కోడర్ల ఏకీభావ కొలత) 0.40 దాటడం లేదు, ఏం చేయాలి?

శిశు వికాసం, కుటుంబ అధ్యయనాల విభాగంలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నాను. 24 నుంచి 30 నెలల పిల్లలు తల్లితో ఆడుకునే 10 నిమిషాల వీడియోలను 15 సెకన్ల ముక్కలుగా చూసి, తల్లి ఆటలో 'అడ్డుపడటం' ఉందా లేదా అని గుర్తిస్తున్నాం. కోడర్లం ఇద్దరం. 6 వీడియోలు, అంటే 240 ముక్కలు, విడివిడిగా కోడ్ చేశాం.

ఇద్దరమూ 'ఉంది' అన్నవి 8, 'లేదు' అన్నవి 212. నేను మాత్రమే 'ఉంది' అన్నవి 11, రెండో కోడర్ మాత్రమే అన్నవి 9. ఏకీభావం దాదాపు 92 శాతం, యాదృచ్ఛికంగా కుదిరే ఏకీభావాన్ని మినహాయించి లెక్కించే కోహెన్ కప్పా మాత్రం 0.40. ఈ ప్రవర్తన అరుదు కాబట్టి కప్పా పడిపోతుందని తెలుసు. కానీ నెపమంతా దానిమీదే వేయలేను. తేడా వచ్చిన 20లో 13 ఒకే రకం: ఎలా ఆడాలో చూపించడానికి తల్లి పిల్లల చేతిలోని బొమ్మ తీసుకోవడం. ఒకరికి అది సాయం, ఇంకొకరికి అడ్డు. నిజానికి నాకే రోజుకోలా అనిపిస్తోంది.

నిర్వచనం రెండుసార్లు తిరగరాశాం. వేరే 3 వీడియోలు కలిసి చూసి చర్చించుకున్నాం. ముక్కను 30 సెకన్లకు పెంచి చూశాం. పెద్ద మార్పేమీ లేదు. ప్రాబల్యానికి, అంటే ప్రవర్తన ఎంత తరచుగా కనిపిస్తుందన్న దానికి, సవరించిన కప్పా 0.83 వస్తోంది, కానీ దాన్ని చూపించి అసలు గందరగోళాన్ని కప్పిపుచ్చడం నాకు ఇష్టం లేదు.

ఇలాంటి కోడింగ్ చేసినవాళ్లు చెప్పండి: తల్లి బొమ్మ తీసుకున్నప్పుడు అది సాయమో అడ్డో తేల్చడానికి, వీడియోలో కంటికి కనిపించే ఏ గుర్తును నియమంగా పెట్టుకున్నారు?