నాన్న షుగర్ లెక్కల యాప్‌కి రీసెర్చ్ గ్రాంటు ఎవరైనా ఇస్తారా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

నోటుబుక్కు_కొడుకు:
మాది భీమవరం పక్కన ఊరు. నాన్నకి పదకొండేళ్లుగా షుగర్. ఫాస్టింగ్ ఎంత, తిన్నాక ఎంత, ఏం తిన్నారు, ఎంత నడిచారు, అన్నీ గళ్ల నోటుబుక్కులో రాసుకుంటారు. అది చూసి నేనొక చిన్న యాప్ రాశాను, తెలుగులోనే, నెట్ లేకపోయినా నడుస్తుంది. డాక్టరు కోసం కాదు, ఆయన కోసమే. "రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె తింటే నాకు పొద్దున షుగర్ తగ్గుతుందా" అని ఆయన ప్రశ్న. రెండు వారాలు అన్నం, రెండు వారాలు రొట్టె, మళ్లీ అలాగే ఇంకోసారి చేశాం. రొట్టెతో తేడా ఏమీ రాలేదు. భోజనం ఎనిమిదిలోపు ముగించిన రోజుల్లో మాత్రం పొద్దున రీడింగ్ తక్కువగా ఉంది. ఇప్పుడు చుట్టాల్లో ఓ నలభై మంది వాడుతున్నారు. దీన్ని పద్ధతిగా పరీక్షించాలంటే డబ్బు కావాలి. బయోటెక్ స్టార్టప్‌లకి సాయం చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బిరాక్ వాళ్ల బిగ్ గ్రాంటుకి వేయాలా, వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్‌కా? నాకు కంపెనీ లేదు, పీహెచ్‌డీ లేదు. మనుషుల మీద పరిశోధనకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ కావాలా?

తుర్కపల్లి_టికెట్:
బిగ్ వచ్చినవాణ్ని కాబట్టి చెప్తున్నా, మిగతావాళ్లు విన్నవి చెప్తారు. 50 లక్షల దాకా, 18 నెలలు, జనవరి 1న, జులై 1న కాల్ తెరుస్తారు. డబ్బంతా ఒకేసారి రాదు, మైల్‌స్టోన్ చూపిస్తే విడతలుగా వస్తుంది. హైదరాబాద్ వాళ్లకి జీనోమ్ వ్యాలీలోని ఐకేపీ అనే ఇంక్యుబేటర్ ద్వారా వెళ్లడం తేలిక. నీ కథ బాగుంది తమ్ముడూ, కానీ "మా నాన్న కోసం" అని రాస్తే మొదటి రౌండ్‌లోనే పోతుంది. మార్కెట్ ఎంత, కొత్తదనం ఏంటి, పేటెంట్ వస్తుందా, ఇవే అడుగుతారు. నేను మొదటిసారి వేసినప్పుడు ఒక్క మనిషికి ఉపయోగం అని రాశా, తిరక్కొట్టారు. రెండోసారి అదే వస్తువుని "ఆసుపత్రులకి స్క్రీనింగ్ వేదిక" అన్నా, వచ్చింది. ఇంకోటి, ఇన్సులిన్ ఎంత వేసుకోవాలో యాప్ చెప్పకూడదు. 2020 ఏప్రిల్ నుంచి సాఫ్ట్‌వేర్ కూడా మెడికల్ డివైస్ లెక్కలోకి వచ్చింది, ఆ లైసెన్సుల జోలికి ఇప్పుడే పోకు.

ల్యాబ్_ఎలుక:
గ్రాంటు ఎలా వస్తుందని అడుగుతున్నారు, శాంక్షన్ అయిన గ్రాంటు చేతికి ఎలా వస్తుందో అడగండి ముందు. మా ప్రాజెక్టు శాంక్షన్ లెటర్ ఫ్రేమ్ కట్టించుకోవచ్చు, అంత పాతబడింది. నాకు ఐదు నెలలుగా ఫెలోషిప్ లేదు. డబ్బు పడ్డా జీరో బ్యాలెన్స్ అకౌంటు, మార్చి 31 లోపు ఖర్చు పెట్టకపోతే వెనక్కి. ఖర్చు పెట్టాలంటే జెమ్ అనే ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్‌లో మూడు నెలలు. ఆపైన యూసీ, అంటే డబ్బు దేనికి ఖర్చయిందో చూపే సర్టిఫికెట్, 12-ఏ ఫారం. ఆడిటర్ ఒక్క రూపాయి తేడా ఉందని తిప్పి పంపాడు, నిజంగా ఒక్క రూపాయే. పాత పద్ధతిలో అయితే గ్రాంటు మీద బ్యాంకు వేసిన వడ్డీని కూడా లెక్కగట్టి తిరిగి కట్టాం.

టీ1_అమ్మ:
మా పాపకి తొమ్మిదేళ్లు, టైప్ 1 షుగర్, ఇన్సులిన్ లేకుండా కుదరదు. ఒంటికి అంటించే షుగర్ సెన్సర్ 14 రోజులు వస్తుంది, ఒక్కోటి నాలుగైదు వేలు, మధ్యలో ఊడిపోతే అంతే సంగతులు. యాప్‌లకి గ్రాంటులు ఇస్తారు, అవార్డులు ఇస్తారు, స్ట్రిప్పులకి ఎవరిస్తారండీ? మాకు కావలసింది మరో గ్రాఫ్ కాదు. స్కూల్లో ఆటల పీరియడ్ ఉన్నరోజు రాత్రి రెండింటికి పాపకి షుగర్ లో అవుతోంది, అది నేను ఏడాది పాటు రాసుకుంటే తెలిసింది. ఏ డాక్టరుకీ ఐదు నిమిషాల్లో తెలిసేది కాదు.

డాలస్_బాబు:
అక్కా, సరిగ్గా ఇదే బాధతో ఇక్కడ అమెరికాలో తల్లిదండ్రులు నైట్‌స్కౌట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టారు. పిల్లాడు స్కూల్లో ఉంటే సెన్సర్ రీడింగ్ ఇంట్లో కనపడేలా ఒక తండ్రి సొంతంగా కోడ్ రాసుకున్నాడు. 2013లో "మేం ఎదురుచూడం" అని నినాదం పెట్టుకున్నారు. గ్రాంటు కోసం ఆగలేదు. తర్వాత రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషన్ లాంటి వాళ్లు పేషెంట్లు సొంతంగా చేసే పరిశోధనకి డబ్బు ఇచ్చారు, తనకే టైప్ 1 ఉన్న, పీహెచ్‌డీ లేని డేనా లూయిస్ చేతికే ప్రాజెక్టు ఇచ్చారు. ఇలాంటి కోడ్ నుంచే పుట్టిన, ఇన్సులిన్ పంపుని నడిపే టైడ్‌పూల్ లూప్ యాప్‌కి 2023లో ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి కూడా వచ్చింది.

కర్నూలు_కారం:
ఆ దేశంలో ఫౌండేషన్లు ఉంటాయి బాబూ, ఇక్కడ వాట్సాప్ గ్రూపు ఉంటుంది. అది పక్కన పెట్టండి. జొన్నరొట్టెతో షుగర్ తగ్గలేదు అన్నారే, ఆ రొట్టె ఎంతది? మా ఇంట్లో రొట్టె పళ్లెం అంత ఉంటుంది. భీమవరంలో జొన్నరొట్టె చేయడం ఎవరికి వచ్చు అసలు?

నోటుబుక్కు_కొడుకు:
రెండు రొట్టెలు అని రాశాం. గ్రాములు తూచలేదు. ప్రశ్న గ్రాంటు గురించి అండీ.

వార్డు_రౌండ్స్:
నేను డాక్టర్ని, ఇలాంటివి రోజూ చూస్తాను. ఇంటి గ్లూకోమీటరుకి ప్రమాణమే 100 పైన రీడింగ్‌కి 15 శాతం అటూ ఇటూ. అంటే అసలు 140 ఉంటే మీటరు 119 చూపించవచ్చు, 161 చూపించవచ్చు. దాని మీద కూర్చుని రొట్టె గొప్పదా అన్నం గొప్పదా అని తేల్చేస్తారా? ఒక్క మనిషి, ఏది తిన్నదీ తెలియకుండా చేసే బ్లైండింగ్ లేదు. దీనికి రీసెర్చ్ అని పేరు పెట్టకండి, దయచేసి. మీ పశ్చిమ గోదావరిలోనే 54 ఊళ్లలో ఆశా కార్యకర్తలకి ట్యాబ్‌లిచ్చి స్మార్ట్‌హెల్త్ అని పెద్ద ట్రయల్ చేశారు, ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన నిధులతో. బీపీ అదుపులోకి వచ్చినవాళ్ల శాతంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంత డబ్బు పెడితేనే అలా ఉంది.

తుర్కపల్లి_టికెట్:
డాక్టరు గారూ, 15 శాతం ఒక్కో రీడింగ్‌కి. పద్నాలుగు రోజుల సగటు తీస్తే అటు పోయినవీ ఇటు పోయినవీ చాలావరకు సర్దుకుంటాయి. మీటరు ఎప్పుడూ పది ఎక్కువ చూపిస్తుందనుకోండి, అన్నం వారాల్లోనూ పది ఎక్కువే, రొట్టె వారాల్లోనూ పది ఎక్కువే, తీసివేతలో పోతుంది. లెక్కలు డాక్టర్లకి ఎందుకు పడవో నాకు అర్థం కాదు.

వార్డు_రౌండ్స్:
స్ట్రిప్పుల బ్యాచ్ మారితే? మధ్యలో మందు మార్చితే? సంక్రాంతి ఏ రెండు వారాల్లో వచ్చింది? లెక్కలు నేర్పకండి.

కర్నూలు_కారం:
సంక్రాంతి కాదు సార్, పిండి అడగండి. మిల్లులో పట్టించారా, ప్యాకెట్టా? ప్యాకెట్టులో ఏముంటుందో దేవుడికి తెలియాలి. మా నాయన జొన్నలు తప్ప తిని ఎరగడు, డెబ్బై ఎనిమిదేళ్లు, షుగర్ లేదు.

తార్నాక_పాతకాపు:
జాతీయ పోషకాహార సంస్థ ఎన్ఐఎన్‌కి రెండు వీధుల అవతల ముప్ఫై ఏళ్లు ఉన్నాను, ఈ విషయం నాకు కాక ఎవరికి తెలుస్తుంది. ఏ పదార్థంలో ఏ పోషకం ఎంతో చెప్పే వాళ్ల ఆహార పట్టికలు 2017లో వచ్చాయి, 528 పదార్థాలు, దేశాన్ని ఆరు ప్రాంతాలుగా విడగొట్టి శాంపిళ్లు తెచ్చి చేశారు. అయితే అందులో ఉన్నవి దాదాపు అన్నీ వండని సరుకులు. జొన్నలు ఉంటాయి, మీ ఆవిడ చేసిన రొట్టె ఉండదు. యాప్‌లన్నీ "ఒక కటోరీ" అని అడుగుతాయి. మన ఇళ్లలో కటోరీ ఎవరింట్లో ఉంది? గరిటె అంటాం, ముద్ద అంటాం. గ్రాంటు ఇవ్వాలంటే ముందు ఆ గరిటెల కొలతకి ఇవ్వాలి, నా మాట రాసిపెట్టుకోండి.

ల్యాబ్_ఎలుక:
గరిటెల కొలతకి ప్రపోజల్ రాస్తే "శాంపిల్ సైజు ఎంత" అని అడుగుతారు. ఆ గళ్లో 1 అని రాసి చూడండి, ఫైల్ ఎంత ఎత్తుకి ఎగురుతుందో.

టీ1_అమ్మ:
ఒకటే కదా నాకున్నది. ఒక్క పాప. ఆ గడిలో ఇంకేం రాయను?

వార్డు_రౌండ్స్:
అమ్మా, మిమ్మల్ని అన్లేదు. మీరు రాసుకున్నది నా దగ్గరికి తెస్తే నేను మొదట అదే చూస్తాను, ఆ ఆటల పీరియడ్ సంగతి చాలా విలువైనది. ఎథిక్స్ కమిటీ గురించి అడిగారు, ఎవరూ చెప్పలేదు. మీ నాన్న రీడింగులు మీరు ఇంట్లో చూసుకుంటే ఏ కమిటీ అక్కర్లేదు. నలభై మందివి కలిపి పరిశోధన అని వెయ్యాలంటే ముందే కమిటీ అనుమతి, అందరి సంతకాలు కావాలి. ఫలానా తిండి తినండని మీరే చెప్పి చేయిస్తే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ సీటీఆర్ఐలో కూడా ముందే నమోదు చేయాలి. ఐసీఎంఆర్‌కి వెళ్లేట్టయితే కాలేజీలో పనిచేసే డాక్టరుని పట్టుకోండి, వ్యక్తిగా వేస్తే కష్టం.

నోటుబుక్కు_కొడుకు:
థాంక్స్ డాక్టరు గారూ, ఈ ఒక్క జవాబు కోసం మూడు రోజులుగా చూస్తున్నా. కర్నూలు అన్న అంతలా అడిగాడని పిండి సంగతి అమ్మని అడిగాను. రొట్టె విరిగిపోతోందని మొదటి వారం నుంచే సగానికి సగం గోధుమపిండి కలుపుతోందట. నాన్నకీ తెలీదు.

కర్నూలు_కారం:
నేను చెప్పలా. వేడినీళ్లు పోసి కలపమను అమ్మని, విరగదు.

వార్డు_రౌండ్స్:
ఈ పోస్టు ప్రింటు తీసి ఓపీలో అంటించుకుంటాను.

తుర్కపల్లి_టికెట్:
అయినా ఎనిమిదిలోపు తినే సంగతి నిలబడుతుంది, పిండితో దానికి సంబంధం లేదు. జులై కాల్‌కి అదే రాయి. నేను చూసి పెడతా, ఊరికే కాదు, కాకినాడ కాజా పంపాలి.

నోటుబుక్కు_కొడుకు:
నాన్న మళ్లీ మొదటి నుంచి చేస్తానంటున్నారు. ఈసారి పిండి ఆయనే కలుపుకుంటారట, త్రాసు కూడా కొనమన్నారు. టీ1 అమ్మ గారూ, యాప్ లింకు మెసేజ్‌లో పంపాను, రాత్రి రీడింగులకి వేరే గడి పెట్టాను చూడండి.

ల్యాబ్_ఎలుక:
ఫెలోషిప్ పడింది. రెండు నెలలది.