సమస్య: సూది లేక కుట్టె సుదతి బొంత

నిర్వాహకుడు: శని, ఆదివారాలకు ఇదీ సమస్య, ఈ పాదం చివర వచ్చేలా పద్యం పూరించాలి. చలి మొదలైంది, ఊళ్ళో పాత చీరల మూటలు అటకలు దిగుతున్నాయి. ఇంటిల్లిపాదీ బొంత చుట్టూ చేరే రోజులు కదా అని ఈ పాదం తట్టింది. చివర ప్రశ్నార్థకం తగిలించి తప్పించుకునేవారికి మార్కులుండవు.

నల్లకుంట అక్కయ్య:

పాత చీర పరచి పైన దూదిని నింపి
నడుమ నుండి కొనకు నాల్గు దెసల
పిన్ను వరుస బెట్టి బిగువుగా నిక మొండి
సూది లేక కుట్టె సుదతి బొంత

అల్వాల్ తమ్ముడు: 'మొండి'ని ముందు పాదంలో పెట్టి 'సూది'కి కలిపిన ఆ విరుపు అదిరింది అక్కా! మొన పోయిన సూది పోగుల్ని లాగేస్తుంది, మిషన్ మీదైతే కుట్లు ఎగ్గొడుతుంది. 'టక్ టక్' అని చప్పుడు మొదలైతే మార్చేయడమే.

కొత్తపేట మాస్టారు: విరుపు సరే. 'ఇక' మాత్రం గణం నింపడానికి వచ్చి కూర్చున్న చుట్టం. అసలు దోషం 'బిగువుగా'లో ఉంది. అడుగు చీరను నేల మీద సాగదీసి పిన్నులు గుచ్చితే, కుట్టు పూర్తయి పిన్నులు తీయగానే అది వెనక్కి ముడుచుకుంటుంది. వెనకంతా గుబ్బలు. ముడతలు పోయేంత వరకే లాగాలి, అంతకు మించి కాదు.

నల్లకుంట అక్కయ్య: బిగువు అన్నది పిన్నుల వరుసకు మాస్టారూ, చీరకు కాదు. పిన్నుకీ పిన్నుకీ బెత్తెడు దాటితే దూది జరిగి ఒకచోట ఉండ కడుతుంది. నడుమ నుంచి కొనకు అని ఊరికే అన్నానా? కొన నుంచి మొదలుపెడితే వదులంతా మధ్యకు చేరి మడత పడుతుంది. దాని గురించి ఒక్క ముక్క లేదు, 'ఇక' దొరికింది!

కొత్తపేట మాస్టారు: నాది చూడండి. విరుపు లేదు, ప్రత్యయం మార్చలేదు. నిజంగానే సూది లేదు.

వేలు వేలు నడుమ వెనుక ముందుగ నూలు
చుట్టి కింది యుచ్చు జొనిపి లాగి
పట్టె వెంట పట్టె పక్కగా జతగూర్చి
సూది లేక కుట్టె సుదతి బొంత

నల్లకుంట అక్కయ్య: 'ముందుగ నూలు' అంటే నూలా, 'ముందుగన్ + ఊలు'నా? పత్తి నూలైతే సాగదు, కాసేపటికే వేళ్ళు కోసుకుపోతాయి. పిల్లల చేత అల్లించాలంటే లావు ఊలే నయం. ఇక 'జొనిపి'. వేళ్ళ అల్లికలో కింది ఉచ్చును ఎక్కడా జొనపరు. పై ఉచ్చు మీదుగా ఎత్తి వేలి కొస దాటిస్తారు. యతి కుదిరింది, అల్లిక చెడింది. అన్నిటికంటే ముందు, అది అల్లడం. సమస్యలో 'కుట్టె' అని ఉంది కదా! పట్టెలు జతగూర్చింది దేంతో? దబ్బనంతోనేనా?

కొత్తపేట మాస్టారు: వేళ్ళతోనే. అంచు ఉచ్చులోంచి పక్క పట్టె ఉచ్చును లాగుతూ పోతే చాలు.

నల్లకుంట అక్కయ్య: అప్పుడది కూడా అల్లికే. కిందటి స్వెటర్ పూరణలోనూ ఇంతే, 'నూటపది కుట్లు' అని ఘనంగా ఎత్తుకున్నారు. నమూనా ముక్క అల్లి కొలిచారా? 22 కుట్లకు 4 అంగుళాలు రావాల్సిన చోట, వదులు చేతికి 20కే వచ్చేస్తాయి. 110 కుట్లంటే 20 అంగుళాలకు బదులు 22. ముందూ వెనకా కలిపి 4 అంగుళాలు ఎక్కువ, మనిషి లోపల ఈదాలి. పైగా అందులోనే 'క్రోషియా'ను సూర్యగణం చేశారు!

కొత్తపేట మాస్టారు: దానికి అప్పుడే సవరణ పెట్టాను.

అల్వాల్ తమ్ముడు: మీరిద్దరూ ఊపిరి తీసుకునేలోగా నాదొకటి.

ముక్క ముక్క గలిపి మూల మూలకు జేర్చి
పావు అంగుళాలు బట్ట విడిచి
మిషను తొక్కి తొక్కి మెలకువన్ దన చేతి
సూది లేక కుట్టె సుదతి బొంత

కొత్తపేట మాస్టారు: 'చేతి సూది లేక'! భేష్ తమ్ముడూ. అక్కయ్యగారి 'మొండి'కి పెద్దన్న. కానీ 'పావు అంగుళాలు' అని సంధి లేకుండా వదిలేశావేం? కలిపితే 'పావంగుళాలు', గణం పోతుంది.

నల్లకుంట అక్కయ్య: టుగాగమం ఉందిగా. 'పావుటంగుళమ్ము' అని దిద్దుకో, గణమూ నిలుస్తుంది. పాదం మాత్రం బంగారం. ఆ పావులో వీసం (అంగుళంలో పదహారో వంతు) తేడా వచ్చినా కొంప మునుగుతుంది. కుట్టుకు రెండు వైపులా వీసం చొప్పున పరక (ఎనిమిదో వంతు) అంగుళం పోతుంది. వరసకు పది ముక్కలంటే తొమ్మిది కుట్లు, మొత్తం అంగుళం పైన పరక. పక్క వరసతో మూలలు కలవమన్నా కలవవు.

అల్వాల్ తమ్ముడు: దిద్దేశాను అక్కా. మూడు పొరలూ కలిపి కుట్టేటప్పుడు బట్టను నొక్కిపట్టే మామూలు మిషన్ పాదం పై పొరను ముందుకు తోస్తుంది, మిషన్ కింది పళ్ళు అడుగు పొరను లాక్కుపోతాయి. అందుకే పై పొరనూ సమంగా నడిపే వాకింగ్ ఫుట్. పద్యంలో దానికి చోటు దొరకలేదు.

కొత్తపేట మాస్టారు: జనరల్ బజార్‌లో కొన్న కొత్త కాటన్‌ను తడపకుండా పాత చీర పక్కన వేయకూడదని కూడా రాయాల్సింది. చీర ఎప్పుడో కుంచించుకుపోయి ఉంటుంది, కొత్తది మొదటి ఉతుకుకు లాగేస్తుంది.

నల్లకుంట అక్కయ్య: అన్నీ తమ్ముడే రాయాలా? మీ రెండో పాదం దిద్దండి ముందు.

నిర్వాహకుడు: 'తుప్పు సూది లేక' అంటూ మరో మూడు వచ్చాయి. 'మొండి' వచ్చాక ఆ దారి మూసేశాను. మాస్టారూ, 'జొనిపి' సంగతి?

కొత్తపేట మాస్టారు: 'చుట్టి, కింది యుచ్చు సుళువు దాట'. యతి చూసుకోండి అక్కయ్యగారూ.

నల్లకుంట అక్కయ్య: యతి ఉంది. 'నూలు' ఇంకా అలాగే ఉంది.