ఒకే అక్షరాల జంటకు మూడు పలుకులు: పిల్లలకు ఎలా నేర్పాలి?

ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయికి ఇంగ్లీషు నేర్పుతూ, ‘ఈ’ (e), ‘ఏ’ (a) అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు పక్కపక్కన వచ్చే మాటల దగ్గర నేనే ఆగిపోయాను. ఆ జంట ‘సీట్’, ‘బీడ్’ మాటల్లో దీర్ఘమైన ‘ఈ’గానూ, ‘బ్రెడ్’, ‘హెడ్’ మాటల్లో హ్రస్వమైన ‘ఎ’గానూ పలుకుతుండగా, ‘గ్రేట్’, ‘బ్రేక్’, ‘స్టేక్’ మాటల్లో మాత్రం మన ‘ఏ’కు దగ్గరగా వినిపిస్తుంది. చదవడమనే అర్థంలో వచ్చే ‘రీడ్’ అయితే, ఒక్క అక్షరమూ మారకుండానే భూతకాలంలో ‘రెడ్’ అయిపోతుంది. గుణింతాలూ ఒత్తులూ వస్తే కొత్త మాటనైనా చదివేయగల మన పిల్లలకు ఇది అన్యాయంగానే తోస్తుంది.

సుమారు 1400 నుంచి 1700 వరకు ఇంగ్లీషు దీర్ఘాచ్చుల పలుకుబడి మారుతూ వచ్చిందనీ, 1476లో విలియం కాక్స్టన్ వెస్ట్‌మిన్‌స్టర్‌లో ముద్రణాలయం పెట్టిన తరువాతి కాలంలో వర్ణక్రమం క్రమంగా స్థిరపడిపోగా ఉచ్చారణ తన దారిన సాగిందనీ చదివాను. మాంసమనే అర్థమున్న ‘మీట్’కూ, కలుసుకోవడమనే అర్థమున్న ‘మీట్’కూ ఒకప్పుడు వేరువేరు అచ్చులు ఉండేవట. చరిత్ర అర్థమైంది కానీ పాఠం చెప్పే దారి దొరకలేదు.

చివరి ‘డ్’ వల్లనే ‘బ్రెడ్’లో అచ్చు కురచబడిందని చెబుదామంటే ‘బీడ్’ అడ్డు వస్తోంది. కొత్త మాట ఎదురైనప్పుడు ఏ పలుకు వస్తుందో ఊహించడానికి నమ్మదగిన గుర్తు ఏదైనా ఉందా? లేక పలుకును బట్టి మాటలను గుంపులుగా విడదీసి కంఠస్థం చేయించడమే మేలా? తరగతిలో ఈ పాఠం చెప్పిన అనుభవమున్నవారు దయచేసి తెలుపగలరు.