పాత కోర్టు మిసిల్ (కేసు ఫైలు)‌లో ‘ముద్దయి’ అంటే నిందితుడేనా?

మలక్‌పేట నుంచి ప్రశ్న: మా తాత తండ్రి ఎవరన్నది ఇంట్లో ఎప్పటి నుంచో తేలని సంగతి. ఈమధ్య ఒక ఉర్దూ కోర్టు కాగితం బయటపడింది, 1342 నాటిది. తెలిసినాయనతో చదివిస్తే తాత పేరు ముందు ‘ముద్దయి’ అని ఉందట. తాత ఏ నేరం చేశాడోనని అమ్మకు ఒకటే టెన్షన్. పైగా తాత పేరు పక్కన ‘వల్ద్’ (ఫలానావారి కొడుకు) అని మేమెవరమూ వినని పేరుంది. ఖాస్రా పహాణీలో (పాత భూమి రికార్డు) చూస్తే తాత పేరే లేదు. ఆయన సొంత అన్న పేరుంది, అన్నకు తండ్రిగా ఇంకో పేరుంది. ఒక తల్లి బిడ్డలకు ఇద్దరు తండ్రులేమిటి?

పాతబస్తీ నుంచి, రిటైరైన వకీలు: బాబూ, ముందు అమ్మగారికి ధైర్యం చెప్పు. మన పేపర్లలో ముద్దాయి అంటే నిందితుడు. ఉర్దూ అదాలత్ భాషలో ముద్దయి అంటే దావా వేసినవాడు, అంటే వాది. ప్రతివాదిని ‘ముద్దాఅలైహ్’ అంటారు. ‘ముద్దయి సుస్త్, గవాహ్ చుస్త్’ అనే సామెత మా సీనియర్ రోజూ అనేవారు. దావా వేసినాయన నిద్రపోతుంటే సాక్షి ఎగిరెగిరి పడుతున్నాడట! మీ తాత మీద ఎవరూ కేసు పెట్టలేదు, ఆయనే పెట్టాడు. ముద్దాఅలైహ్ ఎవరో చూశావా?

మలక్‌పేట: చూశాను సార్. అదే ఊళ్లోని వేరే ఇంటివాళ్లు. ‘వల్ద్’ తర్వాత ఉన్న పేరుకు అన్న కొడుకని రాశారు.

పాతబస్తీ: అట్లయితే దత్తత తగాదా కావచ్చు. కాగితంలో ‘ముతబన్నా’ అనే మాట ఉందేమో వెతికించు. దత్తపుత్రుడని అర్థం. దత్తత పోయినవాడికి వల్దియత్ గడిలో పెంచిన తండ్రి పేరే రాస్తారు. తాత పేరులో ‘ఉర్ఫ్’ (అలియాస్) ఉంటే అదీ రాసుకో, దత్తతలో పేరు మారడం కూడా మామూలే. ఇంకో మాట. వారసత్వం దావాల్లో రెండు పక్షాలూ ‘శజరా’ దాఖలు చేస్తాయి, అంటే వంశవృక్షం. వాది శజరాలో మీ తాత కొడుకుగా ఉంటాడు. ప్రతివాది శజరాలో అదే మనిషి కింద ‘లావల్ద్’, సంతానం లేదు, అని ఉండొచ్చు. ఒక్క శజరా దొరగ్గానే ఫ్రేము కట్టించేవాళ్లను చాలామందిని చూశాను. అది పార్టీ చెప్పుకున్న మాట, అంతే. ‘తన్‌కీహ్’ దగ్గర ఏయే అంశాలు తేల్చాలని జడ్జి రాసుకున్నాడో, ‘ఫైసలా’లో (తీర్పులో) ఏం తేల్చాడో చదివించు.

ఉప్పల్ నుంచి, రెవెన్యూలో పనిచేసినవారు: సార్ చెప్పింది నిజమే, కానీ తాత పేరు పహాణీలో లేకపోవడం ఒక్కటే దత్తతకు రుజువు కాదు. ఉమ్మడి కుటుంబంలో పట్టా పెద్దోని పేరు మీదనే ఉండేది. తమ్ముళ్లు పక్కనే దున్నుకుంటున్నా కాగితం మీద కనబడరు. శిస్తు ఎవరు కట్టాలన్నదే సర్కారుకు కావాలి, ఇంట్లో ఎంతమంది ఉన్నారన్నది కాదు. ఖాస్రా 1954-55 నాటిది. అంతకు ముందుది సేత్వార్, అంటే సర్వే సెటిల్మెంట్ రిజిస్టర్. పట్టాదారు గడితో పాటు కబ్జాదారు గడి కూడా చూడు తమ్మీ, పట్టా ఒకరిది, కాస్తు (సాగు) ఇంకొకరిది అయిన ఊళ్లు బోలెడు. పెంచినాయన భూమి సర్వే నంబర్లు ఆ మిసిల్‌లోనే ఉంటాయి. వాటి మీద ఖాస్రాలో ఎవరున్నారో చూస్తే కేసు ఎటు పోయిందో కొంత తెలుస్తది.

మియాపూర్ నుంచి: మాది గుంటూరు వైపు అండీ, అక్కడ సేత్వార్ మాటే వినలేదు. మా ఇనాం భూమికి 1860ల నాటి ఇనాం ఫెయిర్ రిజిస్టర్ తీయించాం. మొదట ఇనాం పొందినాయన పేరు, అప్పటి అనుభవదారుకు ఆయనతో చుట్టరికం రెండూ దొరికాయి. ఇంతకీ మలక్‌పేట తమ్ముడూ, 1342 అంటే ఏ సంవత్సరం?

పాతబస్తీ: మంచి ప్రశ్న. ఫస్లీ (నిజాం సర్కారు రెవెన్యూ సంవత్సరం) అయితే 590 కలపాలి, 1932-33 అవుతుంది. హిజ్రీ అయితే 1923-24. తొమ్మిదేళ్ల తేడా! నెల పేరు చూస్తే తెలిసిపోతుంది. ఆజర్, దై, బహ్మన్, ఖుర్దాద్ లాంటివైతే ఫస్లీ. ముహర్రం, సఫర్ అయితే హిజ్రీ. ‘బయాన్’ (వాంగ్మూలం) మొదట్లో పేరు, వల్దియత్, ‘ఉమ్ర్’, ‘పేషా’, ‘సుకూనత్’ వరుసగా రాస్తారు. ఉమ్ర్ అంటే వయసు, పేషా అంటే వృత్తి, సుకూనత్ అంటే నివాసం. ఉమ్ర్ దగ్గర 24 ఉందనుకో, ఫస్లీ లెక్కన తాత 1908 ప్రాంతంలో పుట్టాడు. అప్పట్లో వయసులు ఉజ్జాయింపుగా చెప్పేవాళ్లు, రెండు మూడేళ్లు అటూ ఇటూ వేసుకో.

మలక్‌పేట: నెల ‘ఖుర్దాద్’ అట సార్. రెండో పేజీలో ‘ముతబన్నా’ కూడా ఉంది! మా దగ్గరున్నవి నాలుగు పేజీలే, ఫైసలా లేదు.

పాతబస్తీ: మొదటి పేజీ పైన అదాలత్ పేరు, ముఖద్దమా (కేసు) నంబరు, ఫస్లీ ఉంటాయి. ఆ మూడూ రాసి నకలుకు దరఖాస్తు పెట్టు. ఉర్దూ నకలు వస్తే ఇక్కడ పెట్టు, చదివిపెడతాను.