పత్రిక డిజైన్‌కు కొత్తవాళ్లకి ఏ ఆన్‌లైన్ టూల్ నయం?

ప్రశ్న: ఎ4 సైజులో 22 పేజీల పత్రిక వేయాలి. ప్రింటూ కావాలి, పీడీఎఫ్ కూడా. డిజైన్ అనుభవం సున్నా. దేనితో మొదలుపెట్టమంటారు?

జవాబు 1: కాన్వాతో మొదలుపెట్టండి. రెడీమేడ్ టెంప్లేట్ల జోలికి మాత్రం వెంటనే పోకండి, ఇంగ్లిష్ అక్షరాలకు కుదిరిన లైన్ స్పేసింగ్‌లో మన ఒత్తులు కింది వరుసకు తగులుతాయి. 1.4 నుంచి 1.5 దాకా పెంచుకోండి. ముందుగా ఫైల్ సెట్టింగ్స్‌లో మార్జిన్లు, ప్రింట్ బ్లీడ్ (పేజీ బయట కటింగ్‌లో పోయే అంచు) కనిపించేలా పెట్టుకోండి. అంచుదాకా ఉండే బొమ్మను నాలుగువైపులా 3 మి.మీ. బయటికి లాగాలి. లేకపోతే కటింగ్‌లో వెంట్రుకవాసి తేడా వచ్చినా తెల్లగీత పడుతుంది. డౌన్‌లోడ్‌కి 'పీడీఎఫ్ ప్రింట్' ఎంచుకుని, క్రాప్ మార్కులు (ఎక్కడ కత్తిరించాలో చూపే గీతలు), బ్లీడ్‌కి టిక్ పెట్టండి.

జవాబు 2: మధ్యలో పిన్ను కొట్టే బైండింగ్ అయితే 22 కుదరదండీ. పేజీలు 4తో భాగించబడాలి, 24 చేయండి. రెండేసి పేజీలు కలిపి డిజైన్ చేయకండి, విడివిడిగా ఇస్తే ప్రెస్సువాళ్లే వరుస పేర్చుకుంటారు. నిండు పేజీ ఫొటోకి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన బ్లీడ్‌తో కలిపి సుమారు 2550 × 3580 పిక్సెళ్లు ఉండాలి. వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫొటో అంత ఉండదు, డాక్యుమెంట్‌గా పంపమనండి.

జవాబు 3: పొడుగాటి వ్యాసాలుంటే కాన్వా విసిగిస్తుంది. ఒక పెట్టెలో పట్టని మేటర్ పక్క పెట్టెలోకి దానంతటది పారదు, మీరే కత్తిరించి అతికించాలి. మధ్యలో ఒక పేరా తీసేశారంటే మళ్లీ మొదటికి. స్క్రైబస్ అనే పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్ చూడండి. అది ఆన్‌లైన్ కాదు, ఇన్‌స్టాల్ చేసుకోవాలి, కానీ ఉచితం. అందులో ఫ్రేములు, అంటే మేటర్ పెట్టెలు, లింక్ చేయొచ్చు, మేటర్ దానంతటదే పారుతుంది. అన్నట్టు, అనూ ఫాంట్లలో (పాత డీటీపీ తెలుగు ఫాంట్లు) టైపు చేసిన మేటర్ ఉంటే ముందే యూనికోడ్‌లోకి (ఫోన్లలో, వెబ్‌లో వాడే తెలుగు) మార్చుకోండి, నేరుగా పేస్ట్ చేస్తే పిచ్చిగీతలే వస్తాయి.