కోపెన్‌హాగెన్‌లో మూడు రాత్రులు, స్టైలిష్ హోటల్ ఎక్కడ తీసుకోవాలి? (అమ్మ కూడా వస్తోంది)

కృష్ణలంక_కుర్రోడు
అందరికీ నమస్తే. సెప్టెంబర్‌లో డెన్మార్క్, కోపెన్‌హాగెన్ వెళ్తున్నాం, నేను, మా ఆవిడ, మా అమ్మ. శనివారం సాయంత్రం దిగుతాం, మంగళవారం రాత్రి ఫ్లైట్. మా ఆవిడ ఇంటీరియర్ డిజైన్ ఫీల్డ్, ఏదో ఒక డబ్బా హోటల్లో పడేస్తే ఊరుకోదు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. అడగాల్సినవి మూడు. హోటల్ సెంట్రల్ స్టేషన్ దగ్గర తీసుకోవాలా, న్యూహావ్న్ (పాత హార్బర్ కాలువ) వైపా? లూసియానా మోడరన్ ఆర్ట్ మ్యూజియం, క్రోన్‌బోర్గ్ కోట, రెండిట్లో ఒకటే కుదిరితే ఏది? కోపెన్‌హాగెన్ కార్డు (రైళ్ళకీ ఎంట్రీ టికెట్లకీ కలిపి ఒకే పాస్) కొనాలా వద్దా? బడ్జెట్ పర్లేదు, అలాగని పొలం అమ్ముకునేంత కాదు.

అద్దాల_మేడ
అమ్మతో వెళ్తున్నావు కదా తమ్ముడూ, లొకేషన్ తర్వాత చూద్దువుగాని ముందు బాత్రూమ్ ఫోటో చూడు. మేం దిగిన డిజైన్ హోటల్లో (పేరెందుకులే) మంచానికీ స్నానానికీ మధ్యన గోడే లేదు, నిలువెత్తు అద్దం, అది కూడా మసక అద్దం కాదు. మా అత్తగారు కూడా వచ్చారు. ఇంక చూస్కో, ఒకరు స్నానానికెళ్తే మిగతా ఇద్దరం కారిడార్లో నిలబడేవాళ్ళం, పక్కరూమువాళ్ళు రోజూ గుడ్ మార్నింగ్ చెప్పి వెళ్ళేవాళ్ళు. కర్టెన్ లాంటిదేమైనా ఉందా అని కింద అడిగితే ఆ పిల్ల నవ్వేసి అది డిజైన్‌లో భాగం అంది. చివరికి మా అత్తగారి చీరే కట్టాం అడ్డంగా, వెంకటగిరి చీర. డిజైన్‌కి మేం ఇచ్చిన భాగం అది.

నగిషీ_రావు
ఆర్కిటెక్చర్‌లో తల నెరిసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా, కోపెన్‌హాగెన్‌లో డిజైన్ హోటల్ అంటే మొదట చెప్పుకోవాల్సింది ఒక్కటే, పాత శాస్ రాయల్, ఇప్పుడు రాడిసన్ కలెక్షన్ రాయల్ అంటున్నారు. డెన్మార్క్ ఆర్కిటెక్ట్ ఆర్నె యాకబ్‌సెన్ గీసింది, 1960లో తెరిచారు. బిల్డింగ్ ఒక్కటే కాదు, లోపలి కుర్చీ, దీపం, తలుపు పిడి దాకా ఆయనే గీశాడు. మీరందరూ ఆన్‌లైన్‌లో డూప్లికేట్ కొంటున్నారే ఎగ్ చైర్, స్వాన్ చైర్, ఆ రెండూ పుట్టింది ఈ హోటల్ కోసమే. ఇప్పుడు 606 నంబర్ గది ఒక్కటే అప్పటి రూపంలో ఉంచారు, మిగతావన్నీ మార్చేశారు. మీ ఆవిడగారికి ఆ పేరు చెప్పి చూడండి, ఇంక వేరే హోటల్ అడగరు.

బందరు_లడ్డు
రావు గారూ 606 రేటు ఎంతో కూడా చెప్పండి సార్, పొలం అమ్మనంటున్నాడు పాపం 😄

నగిషీ_రావు
గది తీసుకోవాలని ఎవరన్నారు. లాబీలో కూర్చుని ఒక కాఫీ తాగండి. చూడ్డం వేరు, పడుకోవడం వేరు.

పైసా_వసూల్
నా మాట వినండి, అసలు కోపెన్‌హాగెన్‌లో హోటలే తీసుకోకండి. బ్రిడ్జి దాటితే మాల్మో, స్వీడన్. అదే డబ్బుకి రెండింతల రూము, బాత్రూముకి గోడలు కూడా ఉంటాయి. ఎయిర్‌పోర్టు బ్రిడ్జికి ఇటు చివరే కాబట్టి దిగగానే ట్రైన్ ఎక్కితే అరగంట లోపే మాల్మో, అక్కణ్ణుంచి కోపెన్‌హాగెన్ సెంట్రల్‌కి నలభై నిమిషాలు. మనం కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి పొద్దున పూట వెళ్ళే టైమే. పైగా ఓరెసుండ్ బ్రిడ్జి మీద రోజూ ప్రయాణం, సముద్రం మధ్యలోంచి వెళ్ళి ఒక దీవి దగ్గర సొరంగంలోకి దూరుతుంది.

మొజంజాహీ_ముచ్చట్లు
అన్నా జర ఆగు. సింగిల్ ఎంట్రీ వీసా ఉంటే ఎట్ల? డెన్మార్క్ ల దిగి స్వీడన్ వోతే ఎంట్రీ ఖతం అయితది, మళ్ల లోపలికి రానియ్యరు. మా దోస్తుగాడు గిట్లనే భయపడి వోలే.

వెస్టర్‌బ్రో_వాసి
తప్పు. డెన్మార్క్, స్వీడన్ రెండూ షెంగెనే (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు), అటూ ఇటూ ఎన్నిసార్లు తిరిగినా అది ఒక్క ఎంట్రీయే. పాస్‌పోర్టు మాత్రం జేబులో ఉండాలి, ట్రైన్‌లో చెక్ చేస్తే చూపించాలి. మీ దోస్తు అనవసరంగా భయపడ్డాడు. కానీ పైసా వసూల్ గారు చెప్పని ఇంకో తిరకాసు ఉంది. వీసాకి ఏ దేశానికి పెట్టారు? ఎక్కువ రోజులు ఎక్కడుంటే ఆ దేశానికి అప్లై చెయ్యాలని రూలు. హోటల్ బుకింగ్ అంతా మాల్మోలో చూపించి డెన్మార్క్‌కి వీసా అడిగితే స్వీడన్‌కి పెట్టుకోండి అంటారు.

పైసా_వసూల్
వాసి గారూ రూలు సగమే చెప్తున్నారు. ఎక్కువ రోజులు "లేదా" ప్రయాణం ఉద్దేశం ఏ దేశమో అది. నేను పగలంతా టివోలీ పార్కులోనూ మ్యూజియంలోనూ ఉండి నిద్ర మాత్రం మాల్మోలో పోతే నా ఉద్దేశం ఏ దేశం?

వెస్టర్‌బ్రో_వాసి
అది వీసా ఆఫీసర్‌కి చెప్పుకోండి, నాకెందుకు. రిజెక్ట్ అయితే ఫీజు వాళ్ళిస్తారా మీరిస్తారా?

పైసా_వసూల్
అంటే కోపెన్‌హాగెన్‌లో ఉంటున్నామని మిగతావాళ్ళకి ఏమీ తెలీదనా? ప్రతి పోస్టులోనూ ఇదే గొంతు మీది.

వెస్టర్‌బ్రో_వాసి
గొంతు సంగతి కాదండీ. రాత్రి పన్నెండు దాటాక ట్రైన్లు పలచబడతాయి, చలిగాలిలో మోకాళ్ళ నొప్పి ఉన్న పెద్దావిడని ప్లాట్‌ఫామ్ మీద కూర్చోబెట్టి మిగిల్చిన క్రోనర్‌తో ఏం చేస్తారు? కోపెన్‌హాగెన్ చూడ్డానికొచ్చి సాయంత్రం అవగానే మూట సర్దుకుని వేరే దేశం పోవడం నాకైతే అర్థం కాదు. ఆ ఊరి అందమంతా సాయంత్రాలే.

బందరు_లడ్డు
ఇద్దరూ కాస్త నీళ్ళు తాగండి. అక్కడ కుళాయి నీళ్ళే తాగొచ్చట, ఫ్రీ.

వెస్టర్‌బ్రో_వాసి
నిజమే, సీసాలు కొనకండి. కొన్నా ఖాళీ సీసా పారెయ్యకండి, దాని మీద డిపాజిట్ ఉంటుంది, సూపర్ మార్కెట్లో మెషీన్‌లో పెడితే చీటీ వస్తుంది, బిల్లులో తగ్గిస్తారు.

కృష్ణలంక_కుర్రోడు
వీసా డెన్మార్క్‌దే, వచ్చేసింది కూడా అండి. మాల్మో వద్దులెండి. హోటల్ సంగతి ఎవరైనా...

పెన్నేటి_పాప
అన్నా హోటల్ యాడైనా తీసుకో, సైకిళ్ళ దారిలో మాత్రం అడుగు పెట్టొద్దు. ఫుట్‌పాత్ పక్కనే కొంచెం దిగువన ఇంకో దారి ఉంటాది, అది నడిచేదానికి కాదు. మా నాయన ఫోటో కోసమని అందులో నిలబడినాడు, ఒకామె సైకిల్ ముందు పెట్టెలో ఇద్దరు పిల్లోళ్ళని వేసుకోని ఎంత స్పీడుగా వచ్చిందంటే, బెల్లు కొట్టి, ఏదో తిట్టి, సర్రున పోయింది. బస్సు దిగేటప్పుడు ఇంకా జాగ్రత్త, కొన్ని చోట్ల తలుపు తెరిస్తే ఎదురుగా సైకిల్ దారే.

వెస్టర్‌బ్రో_వాసి
దానికి నేను నూరు మార్కులు వేస్తాను. రోజూ ఆఫీసుకి సైకిల్ మీద పోతా, న్యూహావ్న్ దగ్గర టూరిస్టుల్ని తప్పించుకోవడంలోనే సగం ప్రాణం పోతుంది. మీరు అద్దెకి తీసుకుంటే ఒకటి గుర్తుపెట్టుకోండి, ఆగేముందు చెయ్యి పైకెత్తాలి, లేకపోతే వెనకవాడు వచ్చి గుద్దుతాడు, తప్పు మీదే అంటాడు.

ఆత్రేయపురం_అత్త
బాబూ, మీ అమ్మగారు పూతరేకులు గానీ నెయ్యి గానీ పెట్టుకుంటే తీసేయమను. బయట దేశాల నుంచి యూరప్‌లోకి పాల పదార్థాలు, మాంసం తేకూడదు. నెయ్యి పాలదే కదా. చికెన్ పచ్చడీ అంతే. ఆవకాయకి ఇబ్బంది లేదు.

మొజంజాహీ_ముచ్చట్లు
రొయ్యల పచ్చడో అత్తా?

ఆత్రేయపురం_అత్త
చేపలూ రొయ్యలూ మాంసం లెక్కలోకి రావు నాయనా, వాటి రూలు వేరు, ఇంట్లో తినే మట్టుకి తీసుకెళ్ళొచ్చు. మూత మాత్రం గట్టిగా బిగించు.

రైలుబండి_రమణి
ఎవరూ రెండో ప్రశ్న ముట్టుకోలేదు కాబట్టి నేను చెప్తా. ఒకటే కుదిరితే ఏది అనే బాధే అక్కర్లేదు, రెండూ ఒకే రైలు దారిలో ఉన్నాయి. లూసియానా హుమ్లెబెక్ స్టేషన్లో, క్రోన్‌బోర్గ్ ఆ లైన్ చివర హెల్సింగోర్‌లో. షేక్‌స్పియర్ నాటకంలోని హామ్లెట్ కోట అనేది అదే. పొద్దున్నే హెల్సింగోర్ పోయి కోట చూసి, వెనక్కొస్తూ హుమ్లెబెక్‌లో దిగాలి. స్టేషన్ నుంచి మ్యూజియంకి పది పదిహేను నిమిషాల నడక, అమ్మగారి కోసం ట్యాక్సీ చూస్కోండి. కానీ సోమవారం పెట్టుకోకండి! లూసియానా సోమవారం మూసేస్తారు, డిజైన్ మ్యూజియం కూడా అంతే. మీ రోజుల్లో మిగిలేది ఆదివారం, మంగళవారం. ఫ్లైట్ మంగళవారం రాత్రి కాబట్టి ఆదివారమే మంచిది. సముద్రం ఒడ్డున పచ్చికలో కూర్చుంటే అటుపక్క స్వీడన్ కనపడుతుంది, అమ్మగారు అక్కడ కూర్చున్నా చాలు, కాల్డర్, జియాకొమెట్టి శిల్పాలు మీరిద్దరూ తిరిగి చూసి రావచ్చు.

కార్డు సంగతి, ఈ రెండు టికెట్లు, టివోలీ ఎంట్రీ, ఆ రైళ్ళు, ఎయిర్‌పోర్టు మెట్రో అన్నీ కార్డులోనే వస్తాయి కాబట్టి మీకు గిట్టుబాటు. ఊరికే వీధులు తిరిగేవాళ్ళకైతే దండగ. టివోలీ ఏడాదంతా తెరిచి ఉండదు, సమ్మర్ సీజన్ సెప్టెంబర్‌లోనే ముగుస్తుంది, తర్వాత హాలోవీన్‌కి మళ్ళీ తెరుస్తారు, డేట్ చూసుకోండి.

పెన్నేటి_పాప
మరి లిటిల్ మెర్మెయిడ్, ఆ మత్స్యకన్య విగ్రహం? దాన్ని ఎవరూ చెప్పనే లేదు.

నగిషీ_రావు
చెప్పకపోవడమే మంచిది. 1.25 మీటర్ల బొమ్మ, దానికోసం అంత దూరం నడక, చుట్టూ సెల్ఫీ కర్రలు.

పెన్నేటి_పాప
సైజు ఏందయ్యా, కథ ముఖ్యం. రెండుసార్లు తల కోసుకుపోయినారు దాన్ని, 1964లో ఒకసారి, 1998లో ఒకసారి, అయినా అట్లనే కూచోని ఉంది. మా నాయన చాలాసేపు చూసినాడు.

రైలుబండి_రమణి
పసుపు రంగు హార్బర్ బస్ ఎక్కండి, పడవే గానీ మామూలు బస్సు టికెట్టే, కార్డు ఉంటే అదే చెల్లుతుంది. అమ్మగారికి అదే సైట్ సీయింగ్. ఎత్తు నుంచి ఊరు చూడాలంటే రుండెటోర్న్, 1642లో పూర్తయిన గుండ్రటి టవర్, చుట్లు తిరుగుతూ ఎక్కే ఏటవాలు దారి, మెట్లు పైన చివర్లో కాసినే. రష్యా పీటర్ ది గ్రేట్ 1716లో గుర్రం మీద పైదాకా పోయాడట. అవర్ సేవియర్ చర్చి వైపు మాత్రం పోనివ్వకండి, 400 మెట్లు, ఆఖరి 150 బయట గాలిలో.

కృష్ణలంక_కుర్రోడు
రమణి గారూ మీకు వెయ్యి దండాలు. ఆదివారం ఫిక్స్. హోటల్ విషయం, మా ఆవిడ ఇది చదివి రెండు పట్టుకుంది. ఒకటి విల్లా కోపెన్‌హాగెన్, స్టేషన్ పక్కన పాత పోస్టాఫీసు హెడ్డాఫీసు బిల్డింగ్. రెండోది అడ్మిరల్, 1787 నాటి గోదాము, గదుల్లోంచే పెద్ద పెద్ద చెక్క దూలాలు పోతున్నాయి. ఆవిడ దూలాలకి పడిపోయింది.

నగిషీ_రావు
అడ్మిరల్ తీసుకోండి. నీటి అవతల ఒపెరా హౌస్ కనపడుతుంది, రాజుగారి నివాసం అమలియెన్‌బోర్గ్ పక్కనే. హార్బర్ వైపు గది అని రాయించుకోండి, లేకపోతే లోపలివైపు ఇస్తారు.

అద్దాల_మేడ
డబుల్ బెడ్ మీద ఒక పెద్ద దుప్పటి ఉండదు, చెరొకటి చిన్నవి మడిచి పెడతారు. మా ఆయనకి తెగ నచ్చింది, వచ్చాక ఇంట్లో కూడా అదే పెట్టించాడు.

పైసా_వసూల్
హార్బర్ వ్యూకి కట్టే ఎక్స్‌ట్రా డబ్బుతో...

బందరు_లడ్డు
వద్దు సార్. మళ్ళీ మొదలెట్టొద్దు.

సంకురాత్రి_సుబ్బి
పాత థ్రెడ్ లేపుతున్నా, సారీ. మేం డిసెంబర్‌లో వెళ్తున్నాం, ఇవన్నీ అప్పుడు కుదురుతాయా?

వెస్టర్‌బ్రో_వాసి
మధ్యాహ్నం మూడున్నర, మూడుముప్పావుకి సూర్యుడు దిగిపోతాడు. కాబట్టి కోట, హార్బర్ పొద్దున పెట్టుకోండి, మ్యూజియంలు చీకటి పడ్డాక, లూసియానా వారం మధ్య రోజుల్లో రాత్రి పది దాకా ఉంటుంది. టివోలీ క్రిస్మస్ దీపాలకి తెరుస్తారు, అది అయితే చీకట్లోనే చూడాలి. స్వెటర్ సరిపోదు, గాలి ఆగే జాకెట్ తెచ్చుకోండి.