డాబా మీద స్ట్రాబెర్రీ: ఏడాదంతా కాసే రకమా, చలికాలపు రకమా?

డాబాతోట (శ్రీకాకుళం):
మా ఇల్లు నాగావళికి దగ్గర. డాబా మీద వంగ, బెండ, ఆకుకూరలు పండిస్తున్నాం. లంబసింగిలో స్ట్రాబెర్రీ తోట చూసి వచ్చినప్పటి నుంచి మా అమ్మాయి అవి కావాలని పట్టుబట్టింది. ఇరవై మొక్కలు తెప్పిద్దామనుకుంటున్నాను. నర్సరీ ఆయన ‘ఆల్బియన్’ తీసుకోండి, ఏడాది పొడవునా కాస్తుంది అంటున్నారు. తెలిసినవారొకరు ‘వింటర్ డాన్’ మంచిదంటున్నారు. మన ఎండలకు ఏది నిలుస్తుంది?

మామిడితోపు (బొబ్బిలి):
ఆల్బియనే తీసుకోండి. చాలా రకాలు పగలు పొట్టిగా ఉన్నప్పుడే పూస్తాయి. దీనికి ఆ పట్టింపు లేదు. పండు గట్టిగా, తియ్యగా ఉంటుంది. ఇరవై కుండీలకు మట్టి, ఎరువు, నీళ్లు సమకూర్చుకుని మూడు నెలల కాపుతో సరిపెట్టుకోవడం ఎందుకు?

కోటవీధి (విజయనగరం):
నేను గట్టిగా కాదంటాను. నాలుగు చలికాలాలుగా ఈ రెండు రకాలూ పక్కపక్కనే పెంచుతున్నాను.

ఆల్బియన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రూపొందిన రకం. అక్కడి సముద్రతీరంలో వేసవి కూడా చల్లగానే ఉంటుంది కాబట్టి నెలల తరబడి కాస్తుంది. దానికి పగటి నిడివితో పని లేదన్నది నిజమే. వేడితో మాత్రం పని ఉంది. పగలు 30 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే అదీ పూత మానేస్తుంది. మార్చి నుంచి మన డాబాల మీద ఉండేది ఆ వేడే.

అసలు పగటి నిడివి మనకు అడ్డే కాదు. పొట్టి పగలు కోరే రకాలకు సుమారు 14 గంటల లోపు పగలు ఉంటే చాలు. మనం 18 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్నాం. జూన్‌లో కూడా మన పగలు 13 గంటలన్నర దాటదు. ఇక్కడ పూతను ఆపేది వేడి ఒక్కటే. అందుకే ఆల్బియన్‌కు ఉన్న ఆ గొప్ప గుణం మనకు అక్కరకు రాదు.

మన చేతిలో ఉన్నది నవంబరు చివర నుంచి ఫిబ్రవరి వరకే. ఆ కొద్ది రోజుల్లో తొందరగా పూతకు వచ్చే రకం కావాలి. వింటర్ డాన్, స్వీట్ చార్లీ రెండూ ఫ్లోరిడావి. అక్కడ అక్టోబరులో నాటి చలికాలమంతా పండ్లు కోస్తారు. మన కాలానికి దగ్గరగా నడిచేవి అవే. నన్నడిగితే స్వీట్ చార్లీకే ఓటు. పులుపు తక్కువ, పిల్లలు ఇష్టంగా తింటారు. పండు మెత్తన, దూరం పంపడానికి పనికిరాదు. మనం పంపేది మెట్లు దిగి వంటింటికే కదా!

మామిడితోపు (బొబ్బిలి):
మా ఆల్బియన్ ఏప్రిల్‌లో కూడా పండ్లిచ్చిందండీ. అది నా కళ్లతో చూసినదే.

కోటవీధి (విజయనగరం):
ఇచ్చే ఉంటుంది. పువ్వు పండు కావడానికి దాదాపు నాలుగు వారాలు పడుతుంది. మీరు ఏప్రిల్‌లో కోసినవి మార్చి మొదట్లో పూసినవి. మరి మే, జూన్ నెలల్లో కోశారా?

మామిడితోపు (బొబ్బిలి):
లేదు. మే నెలలో మొక్కలే మిగల్లేదు. అయినా రుచిలో ఆల్బియన్‌కు సాటి లేదన్న మాట మీదే ఉంటాను.

ఉద్దానం (పలాస దగ్గర):
రకం గురించి ఇంత వాదిస్తున్నారు గాని, నీళ్ల మాట ఎవరూ ఎత్తలేదు. స్ట్రాబెర్రీ ఉప్పును అసలు ఓర్చుకోదు. తీరానికి దగ్గరి బోరు నీళ్లు పోస్తే ఆకుల అంచులు మాడిపోతాయి. మా ఇంట్లో అలాగే పోయాయి. వాన నీళ్లు పట్టి పెట్టుకోగలిగితేనే మొదలుపెట్టండి. ఇంకొకటి, తుపాన్లు. 2018లో తిత్లీ వచ్చింది అక్టోబరు 11న. దసరా రోజుల్లో లేత మొక్కలు డాబా మీద పెడితే గాలివానకు వదిలేసినట్టే.

నా మనసులో మాట కూడా చెబుతాను. జీడి, పనస, కొబ్బరి పండే నేల మనది. ఏటా ఎండకు చచ్చిపోయే మొక్కను మహారాష్ట్రలోని మహాబలేశ్వరం వైపు నుంచి తెప్పించుకోవడం నాకు నచ్చదు.

కోటవీధి (విజయనగరం):
నీళ్ల విషయంలో మీరన్నది నూటికి నూరు పాళ్లు నిజం, నేనే ముందు చెప్పాల్సింది. నాటడం నవంబరు రెండో వారానికి జరపడం కూడా మంచిదే. చివరి మాటతో మాత్రం ఏకీభవించలేను. బంతి నారు ఏటా కొంటాం. పూలు అయిపోయాక మొక్కలు పీకేస్తాం. దానికి ఎవరూ బాధపడరు. దీన్నీ అలాగే ఒక చలికాలపు పంటగా చూస్తే సరిపోతుంది. వేసవిలో బతికించాలని షేడ్ నెట్లకు డబ్బు పోసి నేను రెండేళ్లు నష్టపోయాను.

డాబాతోట గారూ, ఆకులు పుట్టే మొదలు మట్టిలో మునిగితే కుళ్లుతుంది, వేళ్లు బయటపడితే ఎండుతుంది. మట్టి సరిగ్గా ఆ మొదలు కిందికి రావాలి. మట్టి మీద వరిగడ్డి పరవండి, పండ్లు తడినేలను తాకవు. పక్కకు పాకే తీగలను తుంచేయండి. పండు పూర్తిగా ఎర్రబడ్డాకే కోయండి, కోశాక తీపి పెరగదు. విత్తనాల పొట్లాలు మాత్రం కొనకండి. ఈ రకాల గింజ నుంచి తల్లి గుణం రాదు.

డాబాతోట (శ్రీకాకుళం):
మా బోరు నీళ్లు కాస్త ఉప్పగానే ఉంటాయి, వాన నీళ్లకు డ్రమ్ములు ముందు సర్దుకుంటాను. ఇరవై వద్దు, పన్నెండే తెప్పిస్తాను. ఎనిమిది స్వీట్ చార్లీ, నాలుగు వింటర్ డాన్.

మామిడితోపు (బొబ్బిలి):
నా దగ్గర రెండు ఆల్బియన్ మొక్కలు ఎక్కువ ఉంటాయి, పంపుతాను. మూడింటి పండూ మీ అమ్మాయి చేత తినిపించి, ఏది నచ్చిందో ఇక్కడే రాయండి.